దాడి నిమిషాల్లో ముగుస్తుంది.. మూసిన తలుపులు ఏళ్లకు గానీ తెరుచుకోవు

2025 ఏప్రిల్ చివరి వారం. పంజాబ్‌లోని అట్టారీ చెక్‌పోస్టు దగ్గర టాక్సీలు బారులు తీరాయి. మూటలు, సూట్‌కేసులు, ఏడుస్తున్న పిల్లలు. తల్లిది భారత పాస్‌పోర్టు, పిల్లలది పాకిస్తాన్ పాస్‌పోర్టు. పిల్లలు గేటు దాటవచ్చు, తల్లికి అనుమతి లేదు. వైద్యం కోసం వచ్చినవాళ్లు చికిత్స మధ్యలోనే వెనక్కి బయల్దేరారు. పెళ్లి కోసం అవతలికి వెళ్లాల్సిన వరుడు గేటు దగ్గర నుంచే ఇంటిముఖం పట్టాడు.

వీళ్లెవరూ తుపాకీ పట్టలేదు. కానీ అదే నెల 22న కశ్మీర్‌లోని పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి మరీ చంపారు. మృతుల్లో విశాఖపట్నం వాసి ఉన్నాడు, నెల్లూరు జిల్లా కావలికి చెందిన వ్యక్తి ఉన్నాడు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న స్థానిక ముస్లిం యువకుడు, గుర్రాల మీద టూరిస్టులను తిప్పుకుని బతికే పేదవాడు, అతనూ ఉన్నాడు.

దాడి జరిగిన మర్నాడే ఢిల్లీలో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ సమావేశమైంది. సరిహద్దు గేటు, వీసాలు, దౌత్య సిబ్బంది, చివరికి సింధూ నది నీళ్లు, అన్నిటి మీదా ఒక్క సాయంత్రంలో నిర్ణయాలు వచ్చేశాయి. మామూలు రోజుల్లో ఇలాంటి ఒక్కో ఫైలు కదలడానికి ఏళ్లు పడుతుంది.

తుపాకీ పట్టిన కొద్దిమంది 140 కోట్ల జనాభా ఉన్న దేశం విదేశాంగ విధానాన్ని అంత త్వరగా ఎలా మార్చగలుగుతున్నారు? ఆ మార్పుల్లో ఏవి పనికొస్తాయి, ఏవి గుదిబండలవుతాయి? గత పాతికేళ్ల అనుభవాన్ని చూస్తే కొంత జవాబు దొరుకుతుంది.

అసలు గురి ఎవరి మీద?

ఉగ్రదాడిలో చనిపోయేవారు అమాయకులు. కానీ దాడి చేసినవాడి గురి వాళ్ల దగ్గరే ఆగదు. ఆ దృశ్యాలు టీవీలో చూసే కోట్లమంది మీద, వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన ప్రభుత్వం మీద కూడా ఉంటుంది. జనం భయపడాలి, కోపంతో రగలాలి, ప్రభుత్వం తొందరపడాలి. రెండు దేశాలు మాట్లాడుకుంటుంటే మాటలు ఆగిపోవాలి. పక్కపక్కన బతికే రెండు సమాజాల మధ్య అనుమానం పుట్టాలి.

దాడి తర్వాత సాధారణంగా నాలుగు జరుగుతాయి. మొదటిది, ప్రభుత్వానికి ఆలోచించుకునే టైం తగ్గిపోతుంది. ఊరుకుంటే చేతకానితనం అంటారు. రెండోది, మిత్రుల జాబితా, శత్రువుల జాబితా తిరగరాయబడతాయి. మూడోది, సరిహద్దు, వీసా, బ్యాంకు లావాదేవీ వంటి మామూలు విషయాల్లోకి భద్రత నిబంధనలు వచ్చి చేరతాయి. నాలుగోది, ఈసారి ఇచ్చిన జవాబు వచ్చేసారికి కనీస కొలత అవుతుంది. అంతకంటే తక్కువ చేస్తే జనం ఒప్పుకోరు. ఈ నాలుగూ భారత్ అనుభవంలో స్పష్టంగా కనిపిస్తాయి.

కాందహార్ నేర్పిన మొదటి పాఠం

1999 డిసెంబర్ 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేశారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ మీదుగా అది చివరికి అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ చేరింది. అప్పుడు అక్కడ తాలిబాన్ పాలన. ఆ ప్రభుత్వాన్ని గుర్తించినవి పాకిస్తాన్, సౌదీ అరేబియా, యూఏఈ, ఈ మూడు దేశాలే. భారత్ గుర్తించలేదు కాబట్టి కాబూల్‌లో మనకు రాయబార కార్యాలయం లేదు. ఫోన్ చేసి మాట్లాడదామంటే తెలిసిన మనిషి లేడు.

వారం రోజుల తర్వాత, డిసెంబర్ 31న, ప్రయాణికుల ప్రాణాల కోసం ముగ్గురు ఖైదీలను వదిలిపెట్టాల్సి వచ్చింది. అప్పటి విదేశాంగ మంత్రి జశ్వంత్ సింగ్ స్వయంగా కాందహార్ వెళ్లారు. విడుదలైన వారిలో ఒకడైన మసూద్ అజర్ 2000లో జైషే మహమ్మద్‌ను స్థాపించాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో భారత్ మీద జరిగిన అనేక దాడుల వెనుక ఈ సంస్థ పేరే వినిపించింది.

ఇష్టం లేని ప్రభుత్వంతోనైనా మాట్లాడే దారి ఒకటి ఉండాలని ఆ వారం నేర్పింది. ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టడానికి రెండు దశాబ్దాలకు పైనే పట్టింది. ఆ సంగతి చివర్లో చూద్దాం.

జాబితాలు తారుమారైన రోజు

2001 సెప్టెంబర్ 11న అమెరికాలో 19 మంది హైజాకర్లు చేసిన దాడుల్లో 2,977 మంది చనిపోయారు. ఆ తర్వాత ప్రపంచ రాజకీయాలు మారిన వేగం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1998 అణు పరీక్షల తర్వాత భారత్, పాకిస్తాన్‌లపై పెట్టిన ఆంక్షలను అమెరికా అదే సెప్టెంబర్‌లో ఎత్తివేసింది. నిన్నటి వరకు తాలిబాన్‌కు అండగా నిలిచిన పాకిస్తాన్, ముషారఫ్ నాయకత్వంలో రాత్రికి రాత్రే అమెరికా వైపు తిరిగింది. 2004 నాటికి నాటో బయటి ముఖ్య మిత్రదేశం హోదా కూడా దక్కించుకుంది.

సెప్టెంబర్ 28న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1373 నంబర్ తీర్మానం చేసింది. ఉగ్రవాదులకు డబ్బు, ఆశ్రయం అందకుండా ప్రతి దేశం చట్టాలు చేసుకోవాలని కట్టడి చేసింది. దేశాల మధ్య వ్యవహారం కాస్తా బ్యాంకు కౌంటర్ దాకా వచ్చింది.

అమెరికా కోపం అఫ్గానిస్తాన్‌తో ఆగలేదు. 2003 మార్చిలో ఇరాక్ మీద యుద్ధానికి దిగింది. సెప్టెంబర్ 11 దాడుల్లో ఇరాక్ పాత్ర ఉన్నట్టు రుజువు కాలేదు. సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయన్నారు, అవీ దొరకలేదు. అయినా లక్షల ప్రాణాలు పోయాయి. ఆ దేశం కుప్పకూలిన చోటే తర్వాత ఐసిస్ పుట్టుకొచ్చింది. ఒక దాడికి జవాబుగా మొదలైన యుద్ధం కొత్త ఉగ్రవాదానికి నేల సిద్ధం చేసింది.

దీని సెగ తెలుగువారికీ తగిలింది. అంతకుముందు చాలామందికి కాగితాల మీదనే అమెరికా వీసా వచ్చేది. 2003 నుంచి దాదాపు ప్రతి ఒక్కరూ స్వయంగా ఇంటర్వ్యూకు హాజరు కావాలన్నారు, వేలిముద్రలు ఇవ్వాలన్నారు. 2008లో హైదరాబాద్‌లో కాన్సులేట్ ప్రారంభమయ్యే వరకు మన విద్యార్థులు చెన్నై రైలెక్కాల్సి వచ్చేది. ఈ తనిఖీలు ఇప్పుడు మనకు అలవాటైపోయాయి గానీ వాటి మూలం ఆ సెప్టెంబర్ ఉదయంలో ఉంది.

అంతకంటే కఠినమైన నిబంధన మరొకటి వచ్చింది. 25 దేశాల నుంచి వచ్చిన, 16 ఏళ్లు దాటిన పురుషులు ప్రత్యేకంగా నమోదు చేసుకోవాలన్నారు. ఉత్తర కొరియా తప్ప మిగతా దేశాల్లో దాదాపు అన్నిటిలోనూ ముస్లింలే మెజారిటీ. 80 వేల మందికి పైగా వరుసల్లో నిలబడ్డారు. వేలమంది దేశబహిష్కరణ విచారణ ఎదుర్కొన్నారు. ఉగ్రవాదులను పట్టుకోవడంలో మాత్రం ఆ పథకం పనికిరాలేదు. 2011లో దాన్ని ఆపేశారు, 2016 డిసెంబర్‌లో నిబంధనలనే రద్దు చేశారు.

తలుపు మూసి, మళ్లీ తెరిచిన రోజులు

మళ్లీ భారత్, పాకిస్తాన్‌ల దగ్గరికి వద్దాం. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. భారత్ తన హైకమిషనర్‌ను వెనక్కి పిలిచింది. ఢిల్లీ-లాహోర్ బస్సు, సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగిపోయాయి. ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో దాదాపు పది నెలలు సైన్యం సరిహద్దులో మోహరించింది.

యుద్ధం రాలేదు. పైగా 2003 నవంబర్‌లో నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ కుదిరింది. 2004 జనవరి 6న ఇస్లామాబాద్‌లో వాజ్‌పేయి, ముషారఫ్ సంయుక్త ప్రకటన చేశారు. తమ అధీనంలోని ఏ భూభాగాన్నీ ఉగ్రవాదానికి వాడుకోనివ్వబోమని పాకిస్తాన్ మాట ఇచ్చింది. బస్సు, రైలు మళ్లీ కదిలాయి. 2005 ఏప్రిల్‌లో శ్రీనగర్, ముజఫరాబాద్ మధ్య బస్సు మొదలైంది. దశాబ్దాలుగా విడిపోయిన అన్నదమ్ములు అక్కడ కావలించుకున్నారు.

ఈ కాలంలోనూ దాడులు ఆగలేదు. 2006 జూలైలో ముంబై లోకల్ రైళ్లలో పేలుళ్లు 180 మందికి పైగా ప్రాణాలు తీశాయి. చర్చలు వాయిదా పడ్డాయి గానీ తెగిపోలేదు. అదే సెప్టెంబర్‌లో హవానాలో మన్మోహన్ సింగ్, ముషారఫ్ కలుసుకుని ఉగ్రవాదంపై ఉమ్మడి యంత్రాంగం ఏర్పాటుకు ఒప్పుకున్నారు.

2007 ఫిబ్రవరి 18 రాత్రి పానిపట్ దగ్గర సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో బాంబులు పేలాయి. 68 మంది కాలిపోయారు. ఎక్కువ మంది పాకిస్తానీయులు. రెండు రోజుల్లో పాక్ విదేశాంగ మంత్రి ఖుర్షీద్ కసూరీ ఢిల్లీ రావాల్సి ఉంది. రానంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన వచ్చారు. అణ్వాయుధ ప్రమాదాల ముప్పు తగ్గించే ఒప్పందం మీద ఫిబ్రవరి 21న రెండు దేశాలూ సంతకాలు చేశాయి. మాటలు ఆపాలని బాంబు పెట్టినవాడికి ఆ సంతకమే జవాబైంది.

నింద వేయడంలో తొందర

సంఝౌతా కేసులో ఇంకో పాఠం కూడా ఉంది. మొదట అనుమానం సరిహద్దు అవతలి సంస్థల మీదికి వెళ్లింది. తర్వాత దర్యాప్తు దేశంలోని హిందుత్వ తీవ్రవాద బృందం వైపు మళ్లింది. 2019లో నలుగురు నిందితులూ కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 68 ప్రాణాలకు బాధ్యులెవరో న్యాయస్థానంలో ఈనాటికీ తేలలేదు.

హైదరాబాద్‌కు ఈ బాధ కొత్త కాదు. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. విదేశీ హస్తం అన్నారు, పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లారు. తర్వాత కోర్టుల్లో వాళ్ల మీద కేసులు నిలవలేదు. దర్యాప్తు వేరే దారి పట్టింది. 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ కోర్టు ఆ ఐదుగురు నిందితులనూ నిర్దోషులుగా ప్రకటించింది. లోపలి కేసులు ఇలా తేలిపోతే దేశం బయట కూడా నష్టమే. ఒక దేశం ప్రపంచం ముందు నిలబడి ఫలానా వాళ్లు మా మీద దాడి చేశారని చెప్పినప్పుడు, ఆ మాటకు బరువు దాని దర్యాప్తు నుంచి, దాని కోర్టుల నుంచే వస్తుంది.

26/11: కొట్టకుండా సాధించినది

2008 నవంబర్ 26న పదిమంది ఉగ్రవాదులు సముద్రం మీదుగా ముంబైలోకి చొరబడ్డారు. మూడు రోజుల్లో 166 మందిని చంపారు. ఒకడు, అజ్మల్ కసబ్, ప్రాణాలతో దొరికాడు. దేశమంతా ప్రతీకారం కోరింది. అప్పటి విదేశాంగ కార్యదర్శి శివశంకర్ మీనన్ కూడా మొదట ప్రతిదాడి చేయాలనే అన్నారు. ఆ సంగతి తర్వాత తన పుస్తకంలో ఆయనే రాశారు. ప్రభుత్వం మాత్రం సైనిక దాడి వద్దనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే అదే సరైన నిర్ణయమని మీనన్ తేల్చారు. దాడి చేసి ఉంటే పాకిస్తాన్ జనమంతా తమ సైన్యం వెనుక చేరేవారు. ప్రపంచం కూడా దీన్ని రెండు పొరుగు దేశాల పాత గొడవగానే చూసేది.

భారత్ సాక్ష్యాలు పోగేసింది. 2009 జనవరిలో పాకిస్తాన్‌కు ఫైలు అందించింది. కసబ్‌కు లాయర్ని పెట్టి బహిరంగంగా విచారణ జరిపింది, సుప్రీంకోర్టు దాకా అప్పీలుకు అవకాశం ఇచ్చింది. 2012 నవంబర్ 21న ఉరి అమలైంది.

ఫలితాలు మెల్లగా వచ్చాయి. దాడికి రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీకి అమెరికా కోర్టు 2013లో 35 ఏళ్ల జైలు వేసింది. దాడిదారులకు కరాచీ నుంచి ఫోన్లో సూచనలిచ్చిన వారిలో ఒకడని చెప్పే జబియుద్దీన్ అన్సారీని సౌదీ అరేబియా 2012లో భారత్‌కు పంపింది. అప్పటిదాకా పాకిస్తాన్‌కు అత్యంత ఆప్తదేశం అనిపించుకున్న సౌదీ ఆ పని చేయడం చిన్న విషయం కాదు. ఉగ్ర నిధులను గమనించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2018 నుంచి 2022 దాకా పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో ఉంచింది. ఆ ఒత్తిడి మధ్యే 2020లో లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కు పాక్ కోర్టు ఉగ్ర నిధుల కేసుల్లో శిక్ష వేసింది. 2019 మే 1న మసూద్ అజర్‌ను ఐక్యరాజ్యసమితి ఉగ్రవాదుల జాబితాలో చేర్చింది. పదేళ్లుగా అడ్డుపడుతూ వచ్చిన చైనా చివరికి తప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో తహవ్వుర్ రాణాను అమెరికా భారత్‌కు అప్పగించింది.

ఈ దారికీ లోపాలున్నాయి. పాకిస్తాన్‌లో ముంబై కేసు ముందుకు సాగలేదు. పదిహేడేళ్లకు వచ్చే న్యాయం బాధితుడి కుటుంబానికి ఎంత ఊరట ఇస్తుంది? రాజకీయంగానూ ఈ సంయమనం ఖరీదైనదే. 2009 జూలైలో షర్మెల్ షేక్‌లో ఉగ్రవాదంపై చర్యలను చర్చలతో ముడిపెట్టరాదని సంయుక్త ప్రకటనలో రాసినందుకు మన్మోహన్ సింగ్ స్వదేశంలో తీవ్ర విమర్శలు ఎదుర్కొన్నారు.

ఒక్కో దాడికీ ఒక మెట్టు పైకి

2015 డిసెంబర్ 25న ప్రధాని మోదీ హఠాత్తుగా లాహోర్ వెళ్లి నవాజ్ షరీఫ్‌ను కలిశారు. సరిగ్గా ఎనిమిది రోజులకు పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి జరిగింది. స్నేహం చిగురించిన ప్రతిసారీ ఎవరో వచ్చి దాన్ని తుంచేస్తున్నారు. అయినా అప్పటికి తలుపు పూర్తిగా మూయలేదు. 2016 మార్చిలో పాక్ దర్యాప్తు బృందాన్ని పఠాన్‌కోట్ రానిచ్చారు.

అదే ఏడాది సెప్టెంబర్ 18న ఉరీ సైనిక శిబిరం మీద దాడి తర్వాత లెక్క మారింది. సెప్టెంబర్ 29న నియంత్రణ రేఖ దాటి సర్జికల్ స్ట్రైక్స్ చేసినట్టు భారత్ బహిరంగంగా ప్రకటించింది. ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సార్క్ శిఖరాగ్ర సమావేశానికి వెళ్లబోమంది. బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్తాన్ కూడా తప్పుకున్నాయి. 2014 ఖాట్మండు సభ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశం మళ్లీ జరగలేదు. ఎనిమిది దేశాల వేదిక ఒక దాడి దెబ్బకు మంచం పట్టింది. భారత్ చూపు పాకిస్తాన్ లేని బిమ్స్‌టెక్ వైపు మళ్లింది.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మర్నాడే పాకిస్తాన్‌కు ఇచ్చిన అత్యంత అనుకూల దేశం హోదాను భారత్ ఉపసంహరించింది. పాక్ సరుకుల మీద 200 శాతం సుంకం వేసింది. ఫిబ్రవరి 26న బాలాకోట్‌పై వైమానిక దాడి జరిగింది. ఉరీ తర్వాత నియంత్రణ రేఖ దాటారు, ఈసారి విమానాలు పాకిస్తాన్ గడ్డ మీదే దాడి చేశాయి. పాక్ గగనతలం జూలై దాకా మూసే ఉంది.

2025లో పహల్గాం తర్వాత మరో మెట్టు. 1960 నాటి సింధూ జలాల ఒప్పందాన్ని భారత్ నిలుపుదల చేసింది. 1965, 1971, 1999 పోరాటాల్లోనూ చెక్కుచెదరని ఒప్పందం అది. అట్టారీ మూతపడింది. పాకిస్తాన్ గగనతలం మూసి, వాణిజ్యం ఆపి, సిమ్లా ఒప్పందాన్ని సైతం పక్కనపెట్టే హక్కు తమకుందని ప్రకటించింది. మే 7న ఆపరేషన్ సిందూర్‌లో భారత్ తొమ్మిది చోట్ల దాడులు చేసింది. డ్రోన్లు, క్షిపణులతో నాలుగు రోజుల ఘర్షణ సాగింది. నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన యువ సైనికుడు ప్రాణాలర్పించాడు. ఇరువైపులా సరిహద్దు గ్రామాల్లో సామాన్యులు చనిపోయారు. మే 10న కాల్పులు ఆగాయి.

ఇక మీదట ఎలాంటి ఉగ్రదాడినైనా యుద్ధ చర్యగానే చూస్తామని ఢిల్లీ స్పష్టం చేసింది. శత్రువుకు ఇది గట్టి హెచ్చరిక, అందులో సందేహం లేదు. కానీ ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య యుద్ధం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించే తాళం చెవి, ఏదో కొండలో దాక్కున్న నలుగురి చేతికి చిక్కే ప్రమాదం ఉంది.

మాటల యుద్ధంలో హైదరాబాద్ గొంతు

ఆపరేషన్ తర్వాత భారత్ ఏడు అఖిలపక్ష బృందాలను ప్రపంచ రాజధానులకు పంపింది. హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా వెళ్లిన బృందంలో ఉన్నారు. పురందేశ్వరి యూరప్ వెళ్లారు. హరీష్ బాలయోగి అమెరికా ఖండాలకు, లావు శ్రీకృష్ణదేవరాయలు ఈజిప్టు, ఖతార్, దక్షిణాఫ్రికా వైపు వెళ్లిన బృందాల్లో ఉన్నారు. ఇంట్లో ప్రభుత్వాన్ని నిత్యం విమర్శించే ప్రతిపక్ష ముస్లిం నాయకుడు అరబ్ దేశాల్లో దేశం తరఫున నిలబడి మాట్లాడటం వల్ల, ఇది మతాల పోరు అనే ప్రచారానికి గట్టి జవాబు దొరికింది.

మిత్రులెవరు, కానివారెవరు అన్న లెక్క శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా వచ్చింది. మే ఘర్షణలో తుర్కియే పాకిస్తాన్‌ను సమర్థించింది. ఆ వెంటనే తుర్కియే మూలాలున్న సెలెబీ గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ భద్రతా అనుమతిని జాతీయ భద్రత కారణంగా కేంద్రం రద్దు చేసింది. హైదరాబాద్ సహా తొమ్మిది ఎయిర్‌పోర్టుల్లో ఆ కంపెనీ పని చేసేది.

పాలు పోసిన చేతినే కాటు

పాకిస్తాన్ కథ ఇంకో రకం గుణపాఠం. ఉగ్ర మూకలను పొరుగు దేశాల మీద ఆయుధంగా వాడుకోవచ్చని అక్కడి సైనిక వ్యవస్థ లెక్క వేసింది. పాముకు పాలు పోసి పెంచినట్టే అయింది. 2007 చివర్లో తెహ్రీకే తాలిబాన్ పాకిస్తాన్ ఏర్పడింది. 2014 డిసెంబర్ 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూల్లో 130 మందికి పైగా పిల్లలను చంపింది. స్కూలు యూనిఫాంలో ఉన్న పిల్లల శవపేటికలు చూసి ఆ రోజు భారత్‌లోనూ జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. మన స్కూళ్లలో మౌనం పాటించారు.

2021లో తాలిబాన్ మళ్లీ కాబూల్ చేరినప్పుడు ఇస్లామాబాద్ సంబరపడింది. తర్వాత దాడులు తగ్గకపోగా పెరిగాయి. 2023 చివర్లో పత్రాలు లేని అఫ్గాన్ శరణార్థులను వెళ్లగొట్టడం మొదలుపెట్టింది. 2025 అక్టోబర్‌లో రెండు దేశాల సైన్యాలు నేరుగా తలపడ్డాయి. ఖతార్, తుర్కియే మధ్యవర్తిత్వంతో దోహాలో కాల్పుల విరమణ కుదిరింది. ఎవరిని పెంచి పోషించారో వాళ్లతోనే సరిహద్దులో యుద్ధం.

అదే అక్టోబర్‌లో తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తకీ ఢిల్లీకి వచ్చారు. భారత్ కాబూల్‌లోని తన కార్యాలయాన్ని రాయబార కార్యాలయం స్థాయికి పెంచింది. అధికారిక గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. 1999లో కాందహార్ రన్‌వే మీద తాలిబాన్‌తో బేరమాడటానికి మనిషి దొరకని భారత్, 2025లో వాళ్ల మంత్రికి ఢిల్లీలో కుర్చీ వేసింది. ఆడపిల్లల చదువును నిషేధించిన ప్రభుత్వంతో ఈ చెలిమి ఏమిటని ప్రశ్నించినవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మాట్లాడే దారి ఉంచుకోవాలన్న పాత పాఠం ఈసారి పనిలోకి వచ్చింది.

బిల్లు ఎవరి మీద పడుతుంది?

ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడలు నలిగినట్టు, మూసిన తలుపుల భారం ఎక్కువగా మామూలు జనం మీదే పడుతుంది. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేటే ఉంది. దేశ విభజన తర్వాత, 1948 పోలీసు చర్య తర్వాత ఇక్కడి నుంచి వెళ్లినవాళ్ల సంతానం అక్కడుంది. పాతబస్తీలో ఖాలా, ఫుప్పీ కరాచీలో ఉన్న ఇళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. వీడియో కాల్‌లో జనాజా చూసుకోవాల్సి వచ్చే బంధుత్వాలవి. కర్తార్‌పూర్ కారిడార్ మూతపడి సిక్కు భక్తులు బాబా నానక్ చివరి రోజులు గడిపిన చోటుకు వెళ్లలేకపోయారు. గగనతలం మూసేయడంతో విమానాలు చుట్టూ తిరుగుతున్నాయి. అఫ్గాన్ డ్రై ఫ్రూట్స్ లారీలు అట్టారీ దగ్గర చిక్కుకుపోతే, మే నెలలో 160 లారీలకు భారత్ ప్రత్యేక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

ఉగ్రవాదాన్ని ఎదుర్కోవద్దని ఎవరూ అనరు. పౌరులను కాపాడుకోవడం ప్రభుత్వం మొదటి బాధ్యత. దాడి చేయించినవాడు, డబ్బు పంపినవాడు, దాచిపెట్టినవాడు మూల్యం చెల్లించాల్సిందే. కానీ పాతికేళ్ల అనుభవం ఒక తేడాను చూపిస్తోంది. బ్యాంకు ఖాతా మూయించడం, నిందితుడిని అప్పగించేలా చూడడం, కోర్టులో నిలిచే సాక్ష్యం సంపాదించడం వంటివి నేరుగా నేరస్తుడినే తాకాయి. వీసా రద్దు, బస్సు రద్దు వంటివి ఎక్కువగా నేరంతో సంబంధం లేనివాళ్లను తాకాయి. మొదటి రకం పనులు టీవీలో గొప్పగా కనిపించవు. రెండో రకం ఒక్క సాయంత్రంలో ప్రకటించవచ్చు. కానీ అలా మూసిన తలుపును మళ్లీ తెరవాలంటే ఎవరో ఒక నాయకుడు రాజకీయంగా దెబ్బతినడానికి సిద్ధపడాలి.

బైసరన్‌లో ముష్కరులు మతాన్ని అడిగి కాల్చారు. హిందువులు, ముస్లింలు ఒకరినొకరు అలాగే చూడాలన్నది వాళ్ల పథకం. అక్కడే వాళ్లకు అడ్డుపడిన ఆ గుర్రాల కుర్రాడు మాత్రం ఎదుట ఉన్నవాళ్లను మనుషులుగానే చూశాడు. నేరస్తుడు ఎవరు, పక్కింటివాడు ఎవరు అన్న తేడా ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో అతనికి తెలిసింది. గేట్లు మూసే చోట, ఒప్పందాలు రాసే చోట కూర్చున్నవాళ్లు కూడా ఆ తేడాను మరిచిపోకూడదు.